సి డ్రైవ్ ఒక్కటే చాలదా?

"ఎన్ని డ్రైవ్‌లు చెయ్యమంటారు సార్?"

2004లో మా ఇంటికి మొదటి కంప్యూటర్ వచ్చిన రోజు, దాన్ని బిగించిన కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని తెచ్చుకున్నాం. మా హాల్లో పాత న్యూస్‌పేపర్ పరుచుకుని కూర్చుని, ఒక్కో భాగాన్ని శ్రద్ధగా బిగిస్తున్నాడు. హార్డ్ డిస్క్ 80 జీబీ. ఆఫీసులో చూసింది గుర్తుకొచ్చి "నాలుగు చెయ్యి బాబూ" అన్నాను. నాలుగే ఎందుకో నేను ఆలోచించలేదు, అతనూ అడగలేదు. సి లో విండోస్, డి లో పాటలు, ఇ లో సినిమాలు, ఎఫ్ లో ఫొటోలు. ఆ రోజుల్లో ఏ ఇంట్లో కంప్యూటర్ తెరిచినా దాదాపు ఇదే వరస కనిపించేది.

నాలుగేళ్లు గడిచాయి. ఒక సాయంత్రం కంప్యూటర్ ఆన్ చేస్తే లోపలి నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. నల్లటి తెర మీద అక్షరాల వరస తప్ప ఏమీ రాలేదు. అయినా నేను పెద్దగా కంగారు పడలేదు. ఫొటోలు ఎఫ్ లో ఉన్నాయి, జాగ్రత్త కోసం డి లో ఇంకో కాపీ పెట్టుకున్నాను. ఒకటి పోయినా ఒకటి ఉంటుందన్న ధైర్యం. మా అమ్మాయి అన్నప్రాసన, మా నాన్నగారు మాతో గడిపిన చివరి సంక్రాంతి, అన్నీ అందులోనే.

రిపేరు చేసే అతను రెండు రోజులు ప్రయత్నించి, ఇక లాభం లేదని ఆ డిస్క్ మూత విప్పి చూపించాడు. లోపల అద్దంలా మెరిసే పళ్లెం ఒకే ఒక్కటి. దాని మీద వెంట్రుకంత సన్నటి గీత, గుండ్రంగా. నా సి, డి, ఇ, ఎఫ్ నాలుగూ ఆ ఒక్క పళ్లెం మీదే ఉన్నాయి. ఆ రోజు అర్థమైన సంగతే ఈ అధ్యాయానికంతటికీ మూలం: పార్టిషన్, అంటే డిస్క్‌ను ఇలా భాగాలు చేయడం, ఒక సర్దుబాటు మాత్రమే. దాన్ని భద్రత అనుకోవడం వల్లే మన ఇళ్లలో ఎన్నో జ్ఞాపకాలు పోయాయి.

పోపుల పెట్టె

మీ వంటింట్లో పోపుల పెట్టె ఒకసారి తీసి చూడండి. ఆవాలకో గిన్నె, జీలకర్రకో గిన్నె, మెంతులకో గిన్నె. చెయ్యి పెట్టగానే కావలసింది దొరుకుతుంది. ఆ సర్దుబాటు వల్ల కలిగే సుఖం నిజమైనదే.

కానీ దానితో రెండు చిక్కులున్నాయి. మెంతుల గిన్నె సగం ఖాళీగా ఉన్నా, ఆవాల గిన్నెలో పట్టని ఆవాలు అందులో పోయలేం. ఇక పెట్టె చెయ్యి జారి కింద పడిందా, ఏ గిన్నెలోవైనా సరే అన్నీ నేలపాలే.

హార్డ్ డిస్క్‌ను భాగాలు చేయడమూ అచ్చంగా ఇంతే. దొరికే మేలు పొందిక. చెల్లించే ధర చోటు ఇరుకు కావడం. పెట్టె పడితే మాత్రం ఆదుకునేది ఏదీ లేదు. మీరు తీసుకోవలసిన నిర్ణయమంతా ఈ మూడింటిని బేరీజు వేసుకోవడమే.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది?

మన పెద్దవాళ్లు, మెకానిక్‌లు తెలివితక్కువగా డిస్కులు ముక్కలు చేయలేదు. ఒకప్పుడు చేయక తప్పేది కాదు.

1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ వచ్చినప్పుడు అందులో హార్డ్ డిస్క్ 10 ఎంబీ. ఎ, బి అక్షరాలు ఫ్లాపీలకు పోయాయి కాబట్టి హార్డ్ డిస్క్‌కు సి దక్కింది. ఫ్లాపీలు కనుమరుగైనా ఆ అక్షరం ఇప్పటికీ అలాగే నిలిచిపోయింది. ఆనాటి ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ 32 ఎంబీ కంటే పెద్ద భాగాన్ని గుర్తించలేకపోయేది. అందుకని 40 ఎంబీ డిస్క్ కొన్నవాళ్లు దాన్ని రెండుగా కొయ్యాల్సిందే. ఆ హద్దు తర్వాత 2 జీబీకి పెరిగింది. అప్పుడూ ఒక నష్టం ఉండేది. 2 జీబీ భాగంలో ఏ ఫైల్ పెట్టినా కనీసం 32 కేబీ చోటు తీసుకునేది. నాలుగు వాక్యాల ఉత్తరానికీ అంత చోటు వృథా. చిన్న భాగాలు చేసుకుంటే ఆ వృథా తగ్గేది.

1996లో విండోస్ 95 రెండో విడుదలతో ఫ్యాట్32, 2001లో విండోస్ ఎక్స్‌పీతో ఇళ్లలోకి ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే, డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతులు వచ్చాక ఈ ఇబ్బందులు తీరిపోయాయి. అవసరం పోయింది, చేతి అలవాటు మాత్రం ఒకరి నుంచి ఒకరికి అందుతూ వచ్చింది. కారణం తెలిసినప్పుడే ఒక అలవాటును గౌరవంగా పక్కన పెట్టగలం. అందుకే ఇదంతా చెప్పాను.

అక్క ల్యాప్‌టాప్

కిందటేడు రాజమండ్రి నుంచి మా అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, నా ల్యాప్‌టాప్‌లో సి డ్రైవ్ ఎర్రగా అయిపోయిందిరా. అప్‌డేట్ ఎక్కట్లేదు. డి లో చూస్తే బోలెడు ఖాళీ. ఇంత ఖాళీ పెట్టుకుని నిండిపోయిందంటే ఎలారా?"

తర్వాతి వారం వెళ్లి చూశాను. అట్టపెట్టె మీద 512 జీబీ అని ఉంది, విండోస్ 476 అని చూపిస్తోంది. ఇందులో మోసమేమీ లేదు. తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కగడతారు, విండోస్ 1024 చొప్పున. అమ్మినవాళ్లు అడక్కుండానే అందులో సి కి 100 ఇచ్చి మిగతాది డి చేశారు. డి లో పాత పాటలు, ప్రవచనాలు కలిపి 40 జీబీ కూడా లేవు. సి లో మిగిలింది మూడంటే మూడు జీబీలు.

సి ని ఏం మింగేసిందో ఇద్దరం కూర్చుని వెతికాం. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఏళ్ల తరబడి పేరుకున్న ఫైళ్లు, వాట్సాప్‌లో వచ్చిన వీడియోలు. అన్నిటికంటే పెద్దది డెస్క్‌టాప్ మీద ఉన్న "పెళ్లి వీడియో" ఫోల్డర్.

"అక్కా, డెస్క్‌టాప్ మీద పెట్టినవన్నీ సి డ్రైవ్‌లోనే ఉంటాయి."

"అవునా! ఎదురుగా కనిపిస్తోంది కదా, అది వేరే చోటనుకున్నానురా."

ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అన్నీ మనం మార్చకపోతే సి లోనే ఉంటాయి. మన చేతులు రోజూ తిరిగేది అక్కడే. డి అనేది ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు వెళ్లే అటక లాంటిది. మన అలవాట్లకు తగినట్టు హద్దు గీయకపోతే, ఒక గది కిక్కిరిసి పక్క గది బూజుపట్టి ఉంటుంది.

మరి హద్దు జరపలేమా? జరపొచ్చు కానీ, అది పొలం గట్టు లాంటిది. పక్క చేను ఖాళీగా ఉంటేనే గట్టు జరుగుతుంది. విండోస్‌తో వచ్చే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి ని పెంచాలంటే, దానికి ఆనుకుని కుడి పక్కన ఎవరికీ చెందని ఖాళీ జాగా ఉండాలి. అక్కడ డి కూర్చుని ఉంది. అందుకని డి లోవన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేశాం. ఒక్కో ఫోల్డర్ తెరిచి, పాట మోగుతోందో లేదో విని చూసుకున్నాం. ఆ తర్వాతే డి ని తీసేసి సి లో కలిపాం. మొత్తం మీద ఒక మధ్యాహ్నం పట్టింది. రెండూ కలిసిపోయాక తెర మీద ఎరుపు పోయి నీలం గీత కనిపించగానే అక్క ముఖం వెలిగిపోయింది.

వదిలేయాల్సిన మూడు నమ్మకాలు

మొదటిది వేగం. భాగాలు చేస్తే కంప్యూటర్ వేగంగా పనిచేస్తుందని చాలామంది నమ్మకం. తిరిగే పళ్లెం ఉన్న పాత హార్డ్ డిస్క్‌లో బయటి అంచు దగ్గర చదవడం కాస్త వేగం, కాబట్టి ఆ మాటలో కొంత నిజం ఉండేది. అదే డిస్క్‌లో ఒక భాగం నుంచి ఇంకో భాగానికి కాపీ చేస్తుంటే చదివే ముల్లు అటూ ఇటూ పరిగెత్తి పని నెమ్మదించేది. ఇప్పటి ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెమూ లేదు, కదిలే ముల్లూ లేదు. మీరు ఎన్ని గీతలు గీసినా, ఆ చిప్‌లు అరుగుదల సమానంగా ఉండేలా సమాచారాన్ని తమకు నచ్చిన చోట సర్దుకుంటాయి. వేగం కోసం పార్టిషన్ చేయాల్సిన పని ఇప్పుడు లేదు.

రెండోది వైరస్. సి లో వైరస్ వస్తే డి కి పాకదన్నది ఎంతమాత్రం నిజం కాదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్, కంప్యూటర్‌కు కనిపించే ప్రతి డ్రైవ్ మీదా పడుతుంది. 2017 మే నెలలో ప్రపంచమంతా పాకిన వానాక్రై ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలోనూ కొన్నింటిని తాకింది. అలాంటిదానికి సి, డి అన్న తేడా ఉండదు. తగిలించి ఉంచిన పెన్‌డ్రైవ్‌నూ అది వదలదు.

మూడోది గోప్యత. పిల్లలకు డి, నాకు ఇ అని పంచుకుంటే ఎవరివి వారికే ఉంటాయనుకుంటాం. అసలు సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. కొత్తగా చేసిన డ్రైవ్‌ను విండోస్ మామూలుగా ఆ కంప్యూటర్ వాడే అందరికీ తెరిచి పెడుతుంది. అదే, ఇంట్లో ఒక్కొక్కరికీ వేరే యూజర్ ఖాతా, వేరే పాస్‌వర్డ్ పెడితే, ఎవరి డాక్యుమెంట్స్ వారికే ఉంటాయి. ఈ పనికి పార్టిషన్ కంటే ఖాతాలే సరైన సాధనం.

మిమ్మల్ని మీరు అడగాల్సిన ఐదు ప్రశ్నలు

ఒక కాగితం తీసుకోండి. కింది ప్రశ్నలకు జవాబులు మీ చేత్తో రాయండి. రాసేసరికే సగం నిర్ణయం అయిపోతుంది.

1. నా కంప్యూటర్‌లో నిజంగా ఎన్ని డిస్కులున్నాయి? కొన్ని డెస్క్‌టాప్ కంప్యూటర్లలో 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి, 1 టీబీ హార్డ్ డిస్క్ ఒకటి ఉంటాయి. అలాగైతే పంపకం ముందే జరిగిపోయినట్టే. విండోస్, ప్రోగ్రాములు ఎస్‌ఎస్‌డీలో; ఫొటోలు, సినిమాలు హార్డ్ డిస్క్‌లో. రెండింటినీ మళ్లీ ముక్కలు చేయకండి.

2. ఒకటే డిస్క్ అయితే, దాని పరిమాణం ఎంత? 256 అయినా 512 అయినా ఒకటిగానే ఉంచమంటాను. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ చెప్పే కనీసం 64 జీబీ. అది అడుగు పెట్టడానికి సరిపోయే చోటే తప్ప కాపురానికి చాలదు. అప్‌డేట్లు, ఆఫీస్ ప్రోగ్రాములు, తాత్కాలిక ఫైళ్లు అన్నీ సి లోనే పెరుగుతాయి. 1 టీబీ, అంతకు మించి ఉంటే రెండు చేసుకోవచ్చు, చేయకపోయినా నష్టం లేదు.

3. రెండో ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టాలా? మీ అబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరి విండోస్ పక్కన ఉబుంటు కూడా కావాలంటే, దానికి వేరే భాగం ఇవ్వాల్సిందే. పార్టిషన్ చేయడానికి ఇంతకంటే గట్టి కారణం లేదు.

4. ఫార్మాట్ ఎంత తరచుగా చేయిస్తున్నాను? మన ఊళ్లలో కంప్యూటర్ నెమ్మదిస్తే మొదటి మందు "ఫార్మాట్ కొట్టించడం." అలాంటప్పుడు సి ని తుడిచేసి విండోస్ కొత్తగా వేస్తే డి లోవి మిగులుతాయి. వేరే డ్రైవ్ వల్ల ఇళ్లలో కలిగే అసలైన మేలు ఇదే. అయితే ఆ మేలు దక్కాలంటే మీ ఫైళ్లు నిజంగా డి లో ఉండాలి. డెస్క్‌టాప్ మీద వదిలేసినవి సి తో పాటే పోతాయి. ఇప్పుడు విండోస్‌లోనే "రీసెట్ దిస్ పీసీ" అనే ఏర్పాటు ఉంది. అందులో "కీప్ మై ఫైల్స్" ఎంచుకుంటే ప్రోగ్రాములు పోతాయి, మీ ఫైళ్లు ఉంటాయి. ఇది మీరే చేసుకోగలిగితే డి తో పనే లేదు. మెకానిక్ చేతికి ఇచ్చే అలవాటుంటే, డి ఒక చిన్న ఆసరా.

5. ఈ రాత్రికి ఈ కంప్యూటర్ దొంగలెత్తుకుపోతే నాకేం మిగులుతుంది? నిజాయితీగా జవాబు రాయండి. "ఏమీ మిగలదు" అని రాశారా? అయితే పై నాలుగు ప్రశ్నలూ పక్కన పెట్టండి. ముందు బ్యాకప్, తర్వాతే పార్టిషన్.

చేయాలని నిర్ణయించుకుంటే

మూడో ప్రశ్నకు "అవును" అనో, నాలుగోదానికి "తరచుగా" అనో రాసినవాళ్లు నింపాదిగా ఇలా చేయండి.

ముందుగా ముఖ్యమైనవన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, అందులో నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. కాపీ అయిందనుకోవడం వేరు, తెరుచుకోవడం వేరు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తగిలించి ఉంచండి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ అయితే కరెంటు నిలకడగా ఉండే వేళ చూసుకోండి. హద్దులు మారుతుండగా కరెంటు పోవడం అన్నిటికంటే ప్రమాదం. మీ డిస్క్‌కు విండోస్ వేసే బిట్‌లాకర్ తాళం ఉంటే, దాని రికవరీ కీ ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే డిస్క్ మేనేజ్‌మెంట్ కనిపిస్తుంది. అది తెరవగానే మీరు చేయని చిన్న చిన్న భాగాలు ఒకటి రెండు కనిపిస్తాయి. కంప్యూటర్ లేచి నిలబడటానికి ఒకటి, విండోస్ చెడితే బాగుచేయడానికి ఇంకొకటి. చోటు వృథా అనుకుని వాటి జోలికి వెళ్లకండి.

సి మీద రైట్ క్లిక్ చేసి "ష్రింక్ వాల్యూమ్" ఎంచుకుంటే, ఎంత తగ్గించాలని అడుగుతుంది. లెక్క ఎంబీల్లో ఉంటుంది కాబట్టి మీకు కావలసిన జీబీలను 1024తో హెచ్చించండి. డి కి 500 జీబీ కావాలంటే 5,12,000. కొన్నిసార్లు లోపల ఎంత ఖాళీ ఉన్నా తక్కువే ఇస్తానంటుంది. మధ్యలో ఎక్కడో కదపలేని సిస్టమ్ ఫైల్ ఉందని దాని అర్థం. ఇచ్చినంతతో సరిపెట్టుకోండి, బలవంతం వద్దు. వచ్చిన ఖాళీ జాగా మీద రైట్ క్లిక్ చేసి "న్యూ సింపుల్ వాల్యూమ్" అంటే కొత్త డ్రైవ్ తయారవుతుంది.

సి కి ఎంత ఉంచాలి? ఇంటి వాడకానికి 200 జీబీకి తగ్గించకండి. ఆటలు ఆడే పిల్లలుంటే ఇంకా ఎక్కువే. రెండుకు మించి భాగాలు చేయకండి. ప్రతి కొత్త గీతా చోటును ఇంకాస్త ఇరుకు చేస్తుంది. పాటలు, సినిమాలు, ఫొటోలు వేరుగా ఉండాలనుకుంటే ఫోల్డర్లు చాలు. ఫోల్డర్‌కు హద్దు లేదు, కావలసినంత పెరుగుతుంది.

ఆఖరుగా చేయాల్సినది, అందరూ మరచిపోయేది ఇంకొకటుంది. డాక్యుమెంట్స్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో "లొకేషన్" అన్న చోట దాన్ని డి కి మార్చండి. పిక్చర్స్‌కూ అలాగే. అప్పుడు మీ అలవాటు మారకపోయినా మీ ఫైళ్లు డి లోకే చేరతాయి. డ్రైవ్‌కు "న్యూ వాల్యూమ్" అన్న పేరు ఉంచేయకండి. "మా ఫొటోలు" అని తెలుగులోనే పెట్టొచ్చు, విండోస్ చక్కగా చూపిస్తుంది. పేరు కనిపిస్తే ఇంట్లో అమ్మమ్మ కూడా తప్పు చోట పెట్టదు.

అసలు రెండో గది

పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది. ముఖ్యమైనది ఏదైనా మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల సాధనాల్లో ఉండాలి, వాటిలో ఒకటి వేరే చోట ఉండాలి. ఈ లెక్కలో సి, డి రెండూ కలిసి ఒకటే. నాకు 2008లో ఈ ఒక్క వాక్యం తెలిసుంటే సరిపోయేది.

మా ఇంట్లో ఇప్పుడు పార్టిషన్లు లేవు. ల్యాప్‌టాప్‌లో ఒకటే సి. బీరువాలో ఇంటి దస్తావేజుల పక్కన ఒక బయటి డిస్క్ ఉంటుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం దాన్ని తీసి, కాపీ చేసి, మళ్లీ విప్పి బీరువాలోనే పెట్టేస్తాను. ఎప్పుడూ తగిలించి ఉంచను. అలాంటిదే ఇంకోటి రాజమండ్రిలో అక్క దగ్గర ఉంటుంది. పండక్కి వెళ్లినప్పుడల్లా ఆ రెండూ మార్చుకుంటాం.

ఈ ఆదివారం మీరూ ఒక పని చేయండి. పార్టిషన్ చేయాలా వద్దా అన్నది వచ్చే వారం చూసుకోవచ్చు. ముందు, పోతే మళ్లీ తెచ్చుకోలేనివి మీ కంప్యూటర్‌లో ఏమున్నాయో రాసుకోండి. సినిమాలు, సాఫ్ట్‌వేర్‌లు మళ్లీ దొరుకుతాయి. దొరకనివి మాత్రమే రాయండి. జాబితా చిన్నదే అవుతుంది. అందులో ఉన్నవాటిని ఆ సాయంత్రమే ఇంకో డిస్క్‌లోకి చేర్చండి.

ఆ నాలుగు డ్రైవ్‌ల కంప్యూటర్‌లోంచి మాకు మిగిలినవి రెండే ఫొటోలు. మా అమ్మాయి అన్నప్రాసనవి. అందులో ఒకదానిలో పాప కత్తినీ పుస్తకాన్నీ వదిలేసి పూలదండ వైపు పాకుతోంది. అవి ఏ డ్రైవ్‌లోనూ మిగల్లేదు. ప్రింట్ తీయించి మా అత్తగారికి ఇచ్చాం, ఆవిడ వాళ్లింట్లో గోడకు తగిలించుకున్నారు. అవి ఇంకో ఇంట్లో ఉన్నాయి కాబట్టే ఉన్నాయి.